మా బాబాయి బోటు ఖరీదు

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది మనిషికి ఉండే జ్ఞానం ఆ తరువాత జీవితంలో ఇంకెప్పుడూ ఉండదనుకుంటాను. ఆ రోజుల్లో నాకు ప్రతి వస్తువు ఖరీదూ తెలుసు. ఏలూరులో బీమా ఉన్న వాహనాల నష్టం అంచనా కట్టే ఒక సర్వేయరు గారి దగ్గర సహాయకురాలిగా కొత్తగా చేరాను. గుద్దుకున్న కార్లూ, బోల్తా పడ్డ ఆటోలూ, వాటి చుట్టూ తిరిగి ఫోటోలు తీయడం, విరిగిన సామాను వయసును బట్టి దాని విలువ తగ్గించడం నా పని. రబ్బరైతే సగం తీసెయ్, ఫైబరైతే నూటికి ముప్ఫై తీసెయ్, ఇనుమైతే ఎన్నేళ్ళదో చూసి తీసెయ్, అద్దానికి మాత్రం ఏమీ తీయకు అని మా సర్వేయరు గారు మొదటి రోజే నేర్పారు. లోకంలో వయసు మీద పడనిది అద్దం ఒక్కటేనన్న సంగతి నా మనసులో గట్టిగా నాటుకుపోయింది. బస్సులో పక్క సీటావిడ చెప్పులకి కూడా (రబ్బరు, రెండేళ్ళు) లోలోపల విలువ కట్టేసేదాన్ని. పెళ్ళిచూపులకి వచ్చిన ఒకబ్బాయి బైకుకి కూడా కట్టాను. ఆ సంబంధం అందువల్ల తప్పిపోలేదు లెండి, వాళ్ళే వద్దనుకున్నారు.

మాది నూజివీడు పక్కన పల్లెటూరు. ఎటు చూసినా మామిడి తోటలే. నది చూడాలంటే బెజవాడ పోవాలి, సముద్రం చూడాలంటే బందరు పోవాలి. అలాంటి ఊళ్ళో మా బాబాయి (నాన్నకి స్వయానా తమ్ముడు) ఒక మోటారు బోటు కొన్నాడు. ఎందుకు కొన్నావని అడిగితే ఆయన చెప్పే జవాబు ఒక్కటే, ట్రాక్టరు ఖాళీగా వస్తోందని. నిజంగా అంతే. బెజవాడ మార్కెట్టులో కాయలు దింపాక ట్రాక్టరు వెనక ట్రక్కు ఖాళీగా ఇంటికి రావడమంటే ఆయనకి ప్రాణం మీదికొచ్చేది. ఎరువో, సిమెంటో, ఎవరింటి బీరువానో ఏదో ఒకటి అందులో ఉండాలి. ఆ రోజు ఏమీ దొరకలేదు. కృష్ణ ఒడ్డున బోటు షికార్లు తిప్పే ఒకాయన వ్యాపారం మానేసి పాత బోటు అమ్మేస్తున్నాడు. కొలిచి చూస్తే అది ట్రక్కులో సరిగ్గా పట్టింది. ఆ బోటులో మా బాబాయి చూసుకున్న గొప్పతనం అదొక్కటే.

తెచ్చి మామిడికాయలు పోసే షెడ్డులో పెట్టాడు. అక్కణ్ణించి మూడేళ్ళు దాన్ని బాగుచేశాడు. పగిలిన చోటల్లా ఫైబరు గుడ్డ అంటించి అరగదీశాడు. అడుగున పలకలు పుచ్చిపోతే మా తోటలో పడిపోయిన పెద్ద రసాల చెట్టు కోయించి ఆ చెక్కే వేశాడు (మామిడి చెక్క నీళ్ళకి ఆగదని వడ్రంగి మొత్తుకున్నా, మామిడిని తక్కువ చేసి మాట్లాడితే మా బాబాయి ఒప్పుకునే మనిషి కాదు). స్టీరింగు ఎవరిదో పాత కారుది. సీట్లు ఆటోలకి కవర్లు కుట్టేవాడు కుట్టాడు, అందుకే వాటికి కుచ్చులుంటాయి. ఒక ఆటో సైడు అద్దం కూడా బిగించాడు, నీళ్ళలో వెనకనించి ఎవరొస్తారో ఆయనకే తెలియాలి. చిలకాకుపచ్చ రంగు వేయించి, రెండు పక్కలా ఒక్కో పసుపుపచ్చని మామిడిపండు బొమ్మ వేయించాడు. లారీలకి బొమ్మలు వేసే ఆ పెయింటరు చెయ్యి ఊరుకోక వెనకాల ‘హారన్ ప్లీజ్’ అని కూడా రాసి వెళ్ళాడు. రాశాక లేకపోతే ఎలాగని బాబాయి ఒక లారీ హారను కూడా బిగించాడు.

ఇంజను సంగతి చెప్పాలి. బోటు వెనకాల తగిలించే ఆ ఇంజను నీళ్ళు లేకుండా నడిస్తే కాలిపోతుందట. అందుకని ప్రతి ఆదివారం సాయంత్రం బాబాయి ఒక నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము నిండా నీళ్ళు పోసి, ఇంజను అడుగు భాగం అందులో ముంచి, తాడు లాగి స్టార్టు చేసేవాడు. తరువాత వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకునేవాడు. షెడ్డు నిండా పొగ, చప్పుడు, ఎదురుగా కలెక్టరు మామిడికాయల గుట్ట, ఆ గుట్టకేసి సూటిగా చూస్తూ మా బాబాయి. బోటు ఎక్కడికీ కదలదు. పిన్ని గుమ్మంలో నిలబడి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, “పళ్ళన్నిటికీ పెట్రోలు కంపు పట్టిస్తున్నారు” అనేది. “ఒక్కసారి ఎక్కి కూర్చోవే, బాగుంటది” అనేవాడాయన. “నీళ్ళల్లో పెట్టండి, అప్పుడెక్కుతా” అని లోపలికెళ్ళిపోయేది. ఇది ప్రతి వారం జరిగే సంభాషణే. వాళ్ళకి పిల్లలు లేరు. ఆదివారాలు నేను అక్కడే ఉండేదాన్ని గనక నాకు కంఠతా వచ్చు.

ఊళ్ళో వాళ్ళు ఊరుకుంటారా. షెడ్డుకి ‘ఓడరేవు’ అని పేరు పెట్టారు. బాబాయి సెంటర్లో టీ తాగడానికొస్తే “కెప్టెను గారికి కుర్చీ వెయ్యండ్రా” అనేవాళ్ళు. కెప్టెనన్న పేరు మొదట పెట్టింది మా నాన్నే. బాబాయి నవ్వేసేవాడు. బోటు నీళ్ళలో దిగితే నవ్వులన్నీ ఆగిపోతాయని ఆయన నమ్మకం. కానీ దిగలేదు. ఒక ఏడు వానల్లేక చెరువు ఎండిపోయింది. ఇంకో ఏడు చెరువు నిండింది గాని, రంగు ఇంకో కోటింగు పడాలన్నాడు. మూడో ఏడు చెరువు నిండింది, కోటింగు కూడా ఆరింది, వచ్చే ఆదివారం దించుదామన్నాడు. ఆ గురువారం పొద్దున పంపు షెడ్డు మెట్టు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర ఎవరో మెల్లగా బోటు మాట ఎత్తారు. పక్కవాళ్ళు నవ్వు ఆపుకోలేక పమిటలూ కండువాలూ అడ్డం పెట్టుకున్నారు. వడ్డిస్తున్న పిన్ని విన్నది. పప్పు గిన్నెతో తరువాతి వరసకి వెళ్ళింది. ఆ గిన్నె పట్టుకున్న చెయ్యి నాకిప్పటికీ కనిపిస్తుంది.

మాఘమాసంలో తోటలు విరగబూసి ఊరంతా పూత వాసన వేస్తున్న రోజుల్లో పిన్ని నాకు ఫోను చేసింది. “అమ్మాయ్, నువ్వు బళ్ళకి ధర కడతావంట కదా. ఒకసారొచ్చి వెళ్ళవే” అంది. కాయ దిగేలోపు షెడ్డు ఖాళీ చెయ్యాలి. పాత ఇనుప సామాను కొనేవాడు అప్పటికే వచ్చి, ఇంజను ఇనుప లెక్కన, మిగతాది ప్లాస్టిక్ లెక్కన కిలోకింత అని చెప్పి పోయాడట. “కిలోల లెక్కన మాత్రం ఇవ్వనే. ఇస్తే ఈ ఊళ్ళో వాళ్ళు చచ్చేదాకా చెప్పుకుంటారు. మూడేళ్ళు ఆయన చేసింది పనో పిచ్చో నాకు తెలియాలి. న్యాయంగా దానికెంతొస్తదో నువ్వు చెప్పు” అంది. ఒక మనిషి పోయాక అతను పిచ్చివాడా కాదా అన్నది తేల్చే బాధ్యత ఇరవై రెండేళ్ళ దాని చేతిలో పెట్టడం ఎంత పొరపాటో పిన్నికి తెలియదు. నాకు అంతకన్నా తెలియదు. ఎంతో గర్వంగా టేపూ, కాలిక్యులేటరూ పట్టుకుని బస్సెక్కాను.

షెడ్డులో దుమ్ము దులిపి బోటు చుట్టూ తిరిగి, మా సర్వేయరు గారి పద్ధతిలో పని మొదలుపెట్టాను. ఫైబరు, ఎంత పాతదో తెలియదు, బిల్లు లేదు. రబ్బరు సగం. ఇంజను పుట్టిన ఏడాది చెరిగిపోయింది, కాబట్టి అన్నిటికన్నా ఎక్కువ తరుగు. మామిడి చెక్కకి మా పద్ధతిలో అసలు చోటే లేదు. నిండు ధర నిలబెట్టుకున్నది ఒక్క ఆటో అద్దం. అంతా కూడి చూస్తే ఇనుప సామానువాడు చెప్పినదాని కంటే తక్కువొచ్చింది. తప్పుగా కూడానేమోనని మళ్ళీ కూడాను, ఇంకొంచెం తగ్గింది. “మరి ఆయన మూడేళ్ళు చేసిన పనో?” అని అడిగింది పిన్ని. “మరమ్మతు కూలి వస్తువు ఖరీదులో కలవదు పిన్నీ” అన్నాను, రూలు నేనే రాసినట్టు. పిన్ని బోటుకేసి చూసి, “అన్నం తిందువుగాని రా” అంది. ఆ పూట గోంగూర పచ్చడి కూడా నాకు రుచించలేదు.

పరువు దక్కించుకుందామని ఫోటోలు తీసి, పాత సామాన్లు అమ్ముకునే యాప్‌లో పెట్టాను. ఒకాయన ట్రాక్టరు కూడా కలిపి ఇస్తారా అని అడిగాడు. ఇంకొకాయన బాతులకి గూడుగా పనికొస్తుందా అన్నాడు. మైలవరం నించి ఒకతను తన పాత స్కూటీతో మార్పిడికి సిద్ధమన్నాడు. మిగిలిన వాళ్ళంతా, బోటు సంగతి సరేగాని ఆ వెనకాల పూతతో కనిపిస్తున్న తోట గుత్తకి ఇస్తారా అని అడిగారు. నా ఉద్యోగ జీవితంలో నేను పొందిన మొదటి అవమానం ఇది.

ఇక లాభం లేదని నాన్న తువ్వాలు తాతయ్యని పిలుచుకొచ్చారు. ఈయన మా దూరపు బంధువు, తోటల దళారి. ఇప్పుడంటే తోట బేరాలన్నీ ఫోనుల్లో గట్టిగా అరుచుకుంటూ తెగ్గొట్టేస్తున్నారు గాని, ఈయన పాతకాలపు మనిషి. అమ్మేవాళ్ళ చెయ్యి పట్టుకుని, పైన తువ్వాలు కప్పి, దానికింద వేళ్ళు నొక్కి ధర చెప్పేవాడు. ఏ వేలు పట్టుకుంటే ఎంతో, మడిస్తే ఎంతో వాళ్ళకే తెలుసు. తరువాత కొనేవాడి చెయ్యి పట్టుకుని అదే విధంగా. చుట్టూ వంద మంది నిలబడ్డా ధర ఆ ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియదు. పశువుల సంతలో కూడా ఇదే పద్ధతని చెప్పేవారు.

తాతయ్య బోటు చుట్టూ తోట చుట్టూ తిరిగినట్టే తిరిగాడు. కొంచెం దూరం వెళ్ళి, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని కొమ్మలు వెతుకుతున్నట్టు పైకి కూడా చూశాడు. “ఇది ఎన్నో కాపు?” అని అడిగాడు. ఇంకా కాపుకి రాలేదని నాన్న చెప్పారు. “అట్టాగైతే నేనేం చెప్పను? పూత చూడకుండా తోటకి ధర చెప్పను, నీళ్ళ మీద చూడకుండా దీనికీ చెప్పను. కొల్లేరు వైపు నాకు తెలిసిన చేపల చెరువులాయన ఉన్నాడు. మేత బస్తాలు వెయ్యడానికి బోటు కావాలంటున్నాడు. పిలిపిస్తా. ఆదివారం చెరువులో దించండి అమ్మాయ్” అన్నాడు పిన్నితో. ఆదివారం అనగానే పిన్ని తలుపు పట్టుకుంది.

ఆదివారం నాటికి చెరువు సగానికి తగ్గినా బోటుకి సరిపడా నీళ్ళున్నాయి. గట్టు మీద మాత్రం జనం నిండుగా ఉన్నారు. ఇనుప సామానువాడు కూడా, ఎందుకైనా మంచిదని, కాటా బండితో సహా వచ్చాడు. చేపల చెరువులాయన తెల్లచొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. ట్రక్కు వెనక్కి నడిపి బోటు నీళ్ళలోకి జార్చారు. కాస్త ఎడమవైపు ఒరిగి, ఆలోచించుకుని, నిలబడింది. మునగలేదు. జనంలో కొందరికి ఇది చాలా నిరుత్సాహం కలిగించింది.

నాన్న పంచె ఎగ్గట్టి బోటెక్కి ఇంజను తాడు లాగారు. దగ్గింది. మళ్ళీ లాగారు, మళ్ళీ దగ్గింది. లాగి లాగి ఆయనకే దగ్గొచ్చింది. గట్టు మీంచి ఎవరో, “కెప్టెను గారుంటే ఎంత బాగుండేదండీ” అన్నారు. నవ్వులు మొదలయ్యాయి. తను పెట్టిన పేరు తనకే వచ్చి తగిలేసరికి నాన్న మొహం మాడిపోయింది. అప్పుడు పిన్ని గట్టు దిగింది. “బావగారూ, ముందు ఆ కింద చిన్న మీట లాగాలండి. కొంచెం దగ్గనిచ్చి, దాన్ని సగం లోపలికి నొక్కి, అప్పుడు తాడు లాగండి” అంది. మూడేళ్ళు ముక్కు మూసుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషి, కళ్ళూ చెవులూ మూసుకోలేదన్నమాట. నాన్న ఆమె చెప్పినట్టే చేశారు. ఇంజను అందుకుంది.

నీళ్ళ మీద ఆ చప్పుడే వేరు. డ్రమ్ములో వినీ వినీ విసిగిన మాకు అది అదే ఇంజనని అనిపించలేదు. పిన్ని కుచ్చిళ్ళు ఎగదోపుకుని నీళ్ళలోకి నడిచి, బోటు అంచు పట్టుకుని ఎక్కింది. “నీళ్ళల్లో పెడితే ఎక్కుతానన్నాను కదా” అంది, ఎవరితో అన్నదో మరి. నాన్న వెనకాల, పిన్ని కుచ్చుల సీట్లో. డ్రైవరు సీటు ఖాళీగానే ఉంచి, నాన్న వెనకనించే ఇంజను తిప్పుతూ చెరువంతా ఒక చుట్టు తిప్పారు. అవతలి గట్టు దగ్గర లారీ హారను మోగింది, పిన్నే నొక్కింది. తిరిగొచ్చేసరికి నాన్న కళ్ళు తుడుచుకుంటున్నారు, పొగ అన్నారు. గట్టు మీద నవ్వేవాళ్ళు లేరు. బాబాయి ఆ చుట్టు తిరగకుండా పోయాడన్న బాధ అప్పుడు నాకు పట్టుకుంది. వీడియో తీస్తానని ఫోను పట్టుకున్నదాన్ని ఏడుస్తూ నిలబడిపోయాను. తరువాత చూసుకుంటే అందులో ఉన్నది నా బొటనవేలు.

అసలు ఘట్టం అప్పుడే వచ్చింది. మామిడి పలకల సందులోంచి చెంబెడు నీళ్ళు లోపలికి ఊరి ఉన్నాయి. చేపల చెరువులాయన ఆ నీళ్ళకేసి చూశాడు, ఇంజనుకేసి చూశాడు, పెదవి విరిచాడు. జనం దగ్గరికి జరిగారు. అందరికీ ధర వినాలని ఉంది. బాగా పలికితే బాబాయి తెలివైనవాడు, లేకపోతే కెప్టెనే. “అక్కగారూ, ఉన్నమాట చెప్తానండి” అని ఆయన నోరు తెరిచాడు.

“ఆగండి బాబూ” అంది పిన్ని. వంగి డ్రైవరు సీటు కిందనించి బాబాయి తువ్వాలు తీసింది. రంగు మరకలతో, బోటు తుడిచీ తుడిచీ మాసిపోయిన తువ్వాలది. దులిపి, తన కుడిచేతి మీద కప్పుకుని, ఆ చెయ్యి తువ్వాలు తాతయ్య ముందు చాపింది. మా వైపు ఆడవాళ్ళు తువ్వాలు కింద బేరం చెయ్యడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. తోట బేరాలన్నీ బాబాయే చేసేవాడు. తాతయ్య ఒక్క క్షణం నాన్నకేసి చూశాడు. నాన్న తల ఊపారు. తాతయ్య తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు.

బేరం చాలాసేపు నడిచింది. తాతయ్య పిన్ని చెయ్యి వదిలి తువ్వాలుతో సహా చేపల చెరువులాయన దగ్గరికి వెళ్ళేవాడు, అక్కడ ఏదో నొక్కేవాడు, మళ్ళీ వెనక్కొచ్చేవాడు. పిన్ని ఒకసారి అడ్డంగా తలూపింది. ఇంకోసారి కళ్ళు మూసుకుంది. ఇటు నేను టేపూ కాలిక్యులేటరూ ఉన్న సంచీ భుజాన వేసుకుని, వాళ్ళ మోచేతుల కదలికను బట్టి అంకెలు ఊహించడానికి ప్రయత్నిస్తున్నాను (ఫైబరు, నూటికి ముప్ఫై). చివరికి పిన్ని తల పైకెత్తి, “అద్దం మాత్రం నేను ఉంచుకుంటానండి” అంది. “అట్టాగే అక్కగారూ” అన్నాడాయన. తాతయ్య తువ్వాలు దులిపి పిన్ని భుజం మీద వేశాడు. అయిపోయింది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. “ఎంతకిచ్చావు వదినా?” అని ఎవరో అడగనే అడిగారు. “గిట్టింది” అంది పిన్ని. అంతకు మించి ఆ రోజు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఇనుప సామానువాడు కాటా బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. సాయంత్రం బోటు కొల్లేరు వైపు లారీ ఎక్కి వెళ్ళిపోతుంటే మా అందరికీ చివరగా కనిపించింది వెనకాల రాసిన ‘హారన్ ప్లీజ్’.

ఆ ధర ఊళ్ళో ఎవరికీ తెలియలేదు. నాలుగు లక్షలని కొందరు, ఆఖరికి ఊరికే ఇచ్చేసిందని కొందరు చెప్పుకున్నారు. ఏది నమ్మాలో తెలియక, రెండేళ్ళు తిరిగేసరికి బాబాయిని కెప్టెనని నవ్వుతూ పిలిచిన నోళ్ళే నవ్వకుండా అదే పేరుతో పిలవడం మొదలుపెట్టాయి. మా కెప్టెను ఉన్న రోజుల్లో, అనేవాళ్ళు. తాతయ్య కూడా పోయాడు, తనకు తెలిసింది తనతోనే తీసుకుపోయాడు. చేపల చెరువులాయన్ని నేను ఒకసారి ఏలూరులో పట్టుకుని అడిగితే, తువ్వాలు కింద మాట బయట చెప్పకూడదండీ అని టీ ఇప్పించి పంపాడు.

ఇప్పుడు నేనే సర్వేయరుని. నా కింద ఇద్దరు అసిస్టెంట్లున్నారు, రబ్బరుకి సగం తీసెయ్ అని వాళ్ళకి నేను నేర్పుతున్నాను. పోయిన వేసవిలో పిన్నిని చూడ్డానికి వెళ్ళాను. మనిషి బాగా వడలిపోయింది. షెడ్డు గుమ్మం పక్కన మేకుకి ఆ ఆటో అద్దం వేలాడుతోంది, పిన్ని బొట్టు దిద్దుకునేది అందులోనే. కాయల గుట్ట పక్కన ఇద్దరం కూర్చున్నాం. నీలం డ్రమ్ములో ఇప్పుడు తవుడు పోసుకుంటోంది. ఆదివారం సాయంత్రం. షెడ్డు మరీ నిశ్శబ్దంగా ఉంది, అందుకే కాబోలు నాకు నోరు ఆగలేదు. “ఇప్పటికైనా చెప్పు పిన్నీ, ఎంతకిచ్చావు?” అన్నాను.

పిన్ని నాకేసి చూసింది. తరువాత భుజం మీది తువ్వాలు తీసి (అదే తువ్వాలు, మరకలు ఇంకా పోలేదు) నా చేతి మీద కప్పింది. కింద నా వేళ్ళు పట్టుకుంది. ఆమె చెయ్యి ఎండుకట్టెలా ఉంది. చూపుడువేలు నొక్కింది, ఉంగరంవేలు మడిచింది, ఏదో లెక్కగా రెండు సార్లు అరచేతిని తట్టి, ఇంకోసారి నొక్కి వదిలేసింది. “అదీ ధర. తెలిసిందా?” అంది.

నాకు ఆ వేళ్ళ భాష రాదు. రాదని పిన్నికి బాగా తెలుసు. లోకంలో ప్రతి వస్తువు ఖరీదూ తెలుసనుకుని టేపు పట్టుకుని ఈ షెడ్డులోకి వచ్చిన ఆ అమ్మాయి గుర్తొచ్చి నవ్వొచ్చింది. తెలిసింది పిన్నీ అన్నాను. తువ్వాలు తీయకుండా ఇంకాసేపు అలాగే కూర్చున్నాం.